బెంగ నుంచి కుంగుబాటు వరకు: ఉద్దానం తీరంలో అతివృద్ధుల మనోవేదన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఎనభై ఏళ్లు దాటిన వృద్ధుల్లో కనిపించే మానసిక కుంగుబాటును వైద్యశాస్త్రం వ్యాధిగా గుర్తించి ఎంతోకాలం కాలేదు. తెలుగు సమాజానికి మాత్రం ఈ వేదన ‘బెంగ’, ‘దిగులు’, ‘మనేద’ వంటి మాటల ద్వారా ముందే తెలుసు. శ్రీకాకుళం జిల్లా డొంకూరు మొదలుకొని పలాస, టెక్కలి వరకు విస్తరించిన ఉద్దానం తీరప్రాంతాన్ని ఆధారంగా తీసుకొని వలసలు, వృత్తుల్లో వచ్చిన మార్పులు, తుఫానులు, వైద్యవ్యవస్థ, పింఛన్లు అతివృద్ధుల మనఃస్థితిని ఏ విధంగా ప్రభావితం చేశాయో పరిశీలించడం, గ్రామీణ, నగర వృద్ధుల స్థితిని పోల్చి చూడడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: అతివృద్ధులు, బెంగ, కుంగుబాటు, ఉద్దానం, డొంకూరు, రంగం వలస, తిత్లీ తుఫాను, పింఛను.

1. ఉపోద్ఘాతం

శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలంలో, ఒడిశా సరిహద్దుకు చేరువలో, సముద్రపు ఒడ్డున ఉన్న మత్స్యకార గ్రామం డొంకూరు. అక్కడి నుంచి దక్షిణంగా కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల మీదుగా సాగే ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ‘ఉద్యానం’ అనే మాటే ఉద్దానం అయిందని ప్రసిద్ధి. కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన నేల కాబట్టి ఆ పేరు తగినదే. గత మూడు దశాబ్దాల్లో ఈ ప్రాంతం గురించి వెలువడిన రచనల్లో అధికభాగం రెండు విషయాలకు సంబంధించినవి. ఒకటి కారణం తేలని మూత్రపిండాల వ్యాధి, రెండోది తుఫాను. ఈ రెండింటిలోనూ వృద్ధులు కనిపిస్తారు. అయితే వారు ఆసుపత్రి వరండాలో రోగి పక్కన కూర్చున్న తల్లిగానో, కూలిన చెట్టు పక్కన నిలబడ్డ రైతుగానో ఛాయాచిత్రాల్లో కనిపిస్తారు తప్ప వారి మనసుకు ఏమైందన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది.

ఈ ప్రశ్నను వైద్యులకు మాత్రమే వదిలిపెట్టడం సరికాదు. ఒక ప్రాంతంలోని ముసలివారు దేని గురించి దిగులుపడతారు, ఆ దిగులును ఏ మాటల్లో చెప్పుకుంటారు, ఎవరితో చెప్పుకుంటారు అన్నవి చరిత్రకు, భాషకు సంబంధించిన విషయాలు. అరవై ఏళ్లు దాటినవారందరినీ ఒకే వర్గంగా చూసే అలవాటు కూడా ఇక్కడ అడ్డు వస్తుంది. అరవై అయిదేళ్ల మత్స్యకారుడు ఇంకా వేటకు వెళ్తుండవచ్చు. ఎనభై అయిదేళ్ల వ్యక్తికి భార్య లేదా భర్త, తోడబుట్టినవారు, ఈడువారు, కొన్ని ఇళ్లలో పిల్లలు కూడా గతించి ఉంటారు. 2011 జనగణన ప్రకారం దేశంలో అరవై ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. వారిలో ఎనభై దాటినవారు కోటికి పైగా ఉన్నారు. ఈ కోటిమంది గురించి విడిగా ఆలోచించడం ఇటీవలే మొదలైంది.

2. మాటల్లో దాగిన వ్యాధి

తెలుగులో మనోవేదనకు మాటల కొరత లేదు. దిగులు, బెంగ, మనేద, మనాది, విచారం, వ్యాకులత, విషాదం, కుంగుబాటు అన్నవి ఒకే అర్థం ఇచ్చే పర్యాయపదాలు కావు. ‘మనోవ్యాధి’ అన్న సంస్కృత సమాసం జనవ్యవహారంలో అరిగి ‘మనేద’, ‘మనాది’ అయింది. పండితుల నిఘంటువుల కంటే పల్లెల్లోని ముసలమ్మల నోటనే ఈ మాట ఎక్కువకాలం బతికింది. మనసుకు వచ్చేది కూడా వ్యాధేనని పామరజనం ఒప్పుకొన్నారనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

‘బెంగ’ ప్రత్యేకత దాని ప్రయోగంలో తెలుస్తుంది. బెంగ ఎప్పుడూ ఒకరి మీదనో, ఒకదాని మీదనో ఉంటుంది. కొడుకు మీద బెంగ, ఊరి మీద బెంగ, పుట్టింటి మీద బెంగ అంటారు. తల్లికి దూరమైన పసిబిడ్డకు బెంగతో జ్వరం వచ్చిందంటారు. ముసలితల్లి బెంగ పెట్టుకొని తిండి మానేసిందంటారు. అంటే బెంగకు వయసుతో పనిలేదు. ఆధారపడిన మనిషి ఎవరికోసం ఎదురుచూస్తున్నాడో ఆ మనిషి రాకపోవడమే దాని కారణం. ఇటీవలి దశాబ్దాల్లో పత్రికలు, పాఠ్యగ్రంథాలు స్థిరపరచిన ‘కుంగుబాటు’ అన్న మాటకు ఈ లక్షణం లేదు. ఎవరి మీద కుంగుబాటు అని అడగలేం. అది మనిషి లోపల జరిగేది. బెంగ మాత్రం ఇద్దరు మనుషుల మధ్య జరిగేది. ఈ వ్యాకరణభేదమే వైద్యదృష్టికీ జనదృష్టికీ మధ్య ఉన్న తేడాను చక్కగా పట్టిస్తుంది.

ఈ తీరంలో డిప్రెషన్ అన్న ఆంగ్లపదానికి తెలుగు మరో విధంగా ముందే తెలుసు. బంగాళాఖాతంలో ఏర్పడే వాయుగుండాన్ని వాతావరణశాఖ ఆంగ్లంలో ఆ మాటతోనే పిలుస్తుంది. రేడియోలో వాయుగుండం వార్త వినగానే తెప్పలు ఒడ్డుకు లాగే ఊళ్లలో, అదే మాటకు మనసుకు సంబంధించిన అర్థం ఉందన్న సంగతి చాలా ఆలస్యంగా చేరింది.

ఉత్తరాంధ్ర వ్యవహారంలో ముసలివారికి వాడే ‘డోకరా’, ‘డోకరి’ అన్న మాటలు ఒడియా నుంచి వచ్చాయి. సరిహద్దు గ్రామాల్లో ఈ ఆదానం సహజం. సందర్భాన్ని బట్టి ఇందులో ఆప్యాయతా ఉంటుంది, విసుగూ ఉంటుంది. ‘చాదస్తం’ అన్న మాట ఇంకా ఆలోచించదగినది. వేదాధ్యయనపరుడిని సూచించే ఛాందస శబ్దం నుంచి వచ్చిన ఈ మాట వృద్ధుల సణుగుడుకు, ఒకే మాట మళ్లీమళ్లీ చెప్పడానికి స్థిరపడింది. వృద్ధుల దుఃఖం మాటల రూపంలో బయటికి వస్తే దానిని చాదస్తం అన్నారు. అదే దుఃఖం మౌనంగా మారితే ‘ఇప్పుడు నెమ్మదించింది, ఎవరి జోలికీ పోదు’ అని మెచ్చుకున్నారు. అతివృద్ధుల కుంగుబాటులో తీవ్రమైన దశ తరచుగా ఈ రెండో రూపంలోనే ఉంటుంది. అది గుర్తింపునకు రాకపోవడానికి ఇంటివారి నిర్లక్ష్యం కంటే ఈ మెచ్చుకోలే ఎక్కువ కారణమనిపిస్తుంది.

ప్రాచీన వైద్యశాస్త్రం ఈ విషయంలో మౌనంగా లేదు. చరకసంహిత సూత్రస్థానం వాతం వల్ల మాత్రమే కలిగే ఎనభై వికారాల్లో విషాదాన్ని ఒకటిగా లెక్కించింది. రోగాలను పెంచేవాటిలో విషాదమే ముఖ్యమైనదని మరోచోట చెప్పింది. వార్ధక్యంలో వాతం ప్రబలుతుందన్నది ఆయుర్వేద సిద్ధాంతం కాబట్టి ముసలితనానికీ విషాదానికీ శాస్త్రమే ఒక దారి వేసిందనవచ్చు. అయితే ఈ దారి రెండు విధాలుగా పనిచేసింది. విషాదాన్ని వికారంగా గుర్తించడం ఒకటి, వయసుతో పాటు అది రావడం సహజమేనని సరిపెట్టుకోవడం రెండోది. జనంలో రెండోదే స్థిరపడింది.

3. రంగం పోయినవారు, రేవులో మిగిలినవారు

ఇచ్ఛాపురం ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో భాగం. తర్వాత విశాఖపట్నం జిల్లాలో చేరింది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. ఈ పరిపాలనా మార్పులకు ముందే గంజాం జిల్లా 1866 కరువును చూసింది. ఒడియావారు ‘నఅంక’ అని పిలిచే ఆ కరువు తర్వాత, 1888–89లో మరో కరువు వచ్చింది. కరువు, భూమి లేమి, రేవుల సౌకర్యం కలిసి ఇక్కడి యువకులను సముద్రం దాటించాయి. గోపాలపురం, కళింగపట్నం రేవుల నుంచి ఓడలు రంగూన్‌కు వెళ్లేవి. తెలుగువారు ఆ నగరాన్ని ‘రంగం’ అన్నారు. రంగం పోవడం అన్నది ఉత్తరాంధ్ర ఇళ్లలో ఒక కాలమానం. ఫలానావాడు రంగం పోయిన ఏడు అని లెక్కలు చెప్పుకొనేవారు.

రంగూన్ రేవులో సరుకు దించే కూలీల్లో తెలుగువారు పెద్దసంఖ్యలో ఉండేవారు. బర్మాలో వారిని ‘కొరంగీలు’ అనేవారు. కోరంగి రేవు పేరు అందరికీ అంటుకుంది. 1930 మే నెలలో రంగూన్‌లో చెలరేగిన అల్లర్లలో వీరే లక్ష్యమయ్యారు. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేసిన తర్వాత లక్షలమంది భారతీయులు కాలినడకన, ఓడల్లో స్వదేశం దారి పట్టారు. దారిలో మరణించినవారి పూర్తి లెక్క ఎవరి దగ్గరా లేదు. 1962 సైనిక పాలన, ఆ తర్వాతి జాతీయీకరణల వల్ల 1960వ దశకంలో మరో విడత వచ్చింది. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆ రాకకు గుర్తు.

వలస చరిత్రలు సాధారణంగా వెళ్లినవారి చరిత్రలు. రేవులో మిగిలినవారి వైపు నుంచి చూస్తే విషయం వేరుగా ఉంటుంది. మనియార్డరు రావడమంటే కొడుకు బతికే ఉన్నాడన్న వార్త. అది ఆగిపోవడానికి మరణం, మరో కాపురం, జబ్బు, నిరుద్యోగం ఏదైనా కారణం కావచ్చు. చావు తెలిస్తే కర్మకాండ ఉంటుంది, పదిమంది వచ్చి ఏడుస్తారు, దుఃఖానికి ఒక గడువు ఏర్పడుతుంది. వార్తే లేకపోతే గడువు లేదు. 1942 తర్వాత తిరిగిరాని కొడుకుల తల్లులకు ఎదురుచూడడం తప్ప మరో కర్మ లేకపోయింది. బెంగ అన్న మాటకు ఈ తీరంలో ఉన్న బరువు అక్కడినుంచి వచ్చిందే.

రంగం దారి మూసుకుపోయిన తర్వాత వలస ఆగలేదు, దిక్కు మారింది. అండమాన్ దీవులు, పారాదీప్, చెన్నై, గుజరాత్‌లోని వేరావల్ ఇప్పటి మజిలీలు. గుజరాత్ మరపడవల్లో పనిచేస్తూ 2018 చివర పాకిస్థాన్ అధికారులకు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో ఇరవైమంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా తిరిగివచ్చారు. ఆ ఏడాది లాక్‌డౌన్ కాలంలో వేలమంది మత్స్యకారులు గుజరాత్ తీరంలోనే చిక్కుకుపోయారు. ఏప్రిల్ చివర, మే మొదట్లో బస్సుల్లో వారిని రాష్ట్రానికి తెచ్చారు. చేతిలో ఫోను ఉన్న కాలం కనుక ఇప్పటి నిరీక్షణ వేరన్న వాదం ఉంది. నిజమే, కానీ చెవులు వినిపించని ఎనభై అయిదేళ్ల మనిషికి ఫోను ఉపయోగం పరిమితం. మాట వినబడదు, ముఖం తెరమీద చిన్నది, చూపు ఆనదు. పక్కనున్నవారు ‘బాగానే ఉన్నాడట’ అని చెప్పే ఒక్క వాక్యమే ఆమెకు చేరుతుంది. అది పాత మనియార్డరు కంటే పెద్దదేమీ కాదు.

4. చేతిలో పని, పెరట్లో చెట్టు

మత్స్యకార కుటుంబంలో వృద్ధుడికి ఒక నిర్దిష్టమైన స్థానం ఉండేది. వేటకు వెళ్లే శక్తి తగ్గినవాడు ఒడ్డున కూర్చొని వల అల్లేవాడు, చిరిగిన వలను బాగుచేసేవాడు, గాలి దిక్కు చూసి కుర్రవాళ్లకు చెప్పేవాడు. నూలు వలలు తరచుగా చిరిగేవి, కుళ్లేవి. కాబట్టి ఈ పని ఎప్పుడూ ఉండేది. నైలాన్ వలలు, యంత్రం అల్లిన వలలు వచ్చాక ఆ పనిలో అధికభాగం ఇంటి నుంచి కర్మాగారానికి పోయింది. దుంగలతో కట్టిన తెప్పల స్థానంలో ఫైబరు తెప్పలు, మోటార్లు వచ్చాయి. గాలి చూసి చెప్పే జ్ఞానానికి వాతావరణ సూచన ప్రత్యామ్నాయమైంది. ఇవన్నీ ప్రాణాలు కాపాడిన మార్పులే, వాటిని తప్పుపట్టడానికి లేదు. అయితే ఇవే మార్పులు వృద్ధుడి అవసరాన్ని తగ్గించాయి. అవసరం లేని మనిషినన్న భావన కుంగుబాటుకు దగ్గరి చుట్టం.

స్త్రీల విషయం కొంత భిన్నం. గంపలో ఎండుచేపలు పెట్టుకొని ఊళ్లు తిరిగి అమ్మడం, కవిటి ప్రాంతంలో కొబ్బరిపీచు తాళ్లు పేనడం, పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమలో పప్పు మీది పొట్టు తీయడం కూర్చొనో, నెమ్మదిగానో చేసుకోగలిగిన పనులు. డెబ్భై దాటిన స్త్రీలు కూడా వీటిని వదలలేదు. కష్టమే అయినా ఈ పనుల్లో నలుగురి మధ్య కూర్చొనే వీలుంది. మోకాళ్లు, చూపు పూర్తిగా పట్టు తప్పిన తర్వాత ఆదాయంతో పాటు ఆ నలుగురూ దూరమవుతారు. కుటుంబం భోజనం పెట్టినా ఆ లోటు తీరదు.

తోటల రైతుల స్థితికి తుఫాను ఒక కొలమానం. 1999 అక్టోబరులో గంజాం, ఒరిస్సా తీరాలను తాకిన రెండు తుఫానులు, 2013 అక్టోబరు 12న గోపాలపురం వద్ద తీరం దాటిన ఫైలిన్ ఈ ప్రాంతాన్ని వణికించాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలోనే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు వేల ఎకరాల్లో నేలకూలాయి. పరిహారం చెట్టుకు ఇంత అని లెక్కకట్టారు. పరిపాలనకు మరో మార్గం లేదు. కానీ చెట్టు వయసును ఎవరూ లెక్కకట్టలేదు. దేశవాళీ పొడుగు కొబ్బరి మొక్క నాటిన ఆరేడేళ్లకు కాపుకు వస్తుంది, తర్వాత అరవై ఏళ్లకు పైగా కాస్తుంది. నలభై ఏళ్ల రైతుకు మళ్లీ నాటడం కష్టం మాత్రమే. ఎనభై ఏళ్ల రైతుకు అది తాను చూడబోని కాపు. ఇరవై ఏళ్ల వయసులో తన చేత్తో నాటిన చెట్టు ఒక్క రాత్రిలో పోవడమంటే తన జీవితానికి ఉన్న సాక్షి పోవడం. ఉద్దానంలో కొబ్బరిచెట్టును కొడుకుతో పోల్చడం సామాన్యం. ఇక్కడ ఆ పోలికను అలంకారంగా తీసుకోనక్కరలేదు. నిజంగానే ముసలితనంలో అన్నం పెట్టేది అదే.

ఆ కొడుకు విషయంలోనూ ఉద్దానం దురదృష్టకరమైనది. దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఇక్కడ పనిచేసే వయసులోని పురుషులను ఎక్కువగా పట్టింది. దాంతో వయసుల వరుస తారుమారైంది. తల్లి బతికుండగా కొడుకు పోవడం అపవాదంగా కాక అలవాటుగా మారిన ఊళ్లు ఉన్నాయి. డయాలసిస్ రోగులకు ప్రభుత్వం ప్రత్యేక పింఛను ఇస్తోంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అదేరోజు తాగునీటి పథకం కూడా మొదలైంది. ఇవి రోగికి అందిన సహాయాలు. రోగి మరణించిన తర్వాత అతని తల్లిదండ్రుల దుఃఖం ఏ శాఖ పరిధిలోకీ రాదు.

5. వైద్యశాస్త్రం చూపు మారిన క్రమం

విశాఖపట్నం వాల్తేరులో పిచ్చాసుపత్రి 1871లో ఏర్పడింది. మద్రాసు ప్రెసిడెన్సీ ఉత్తర జిల్లాలన్నింటికీ అదే దిక్కు. సమాజానికి ప్రమాదకరమని భావించినవారిని అక్కడికి పంపేవారు. ఇంటిమూల మౌనంగా కూర్చొనే ముసలివారు ఎవరికీ ప్రమాదం కాదు కాబట్టి వారు ఆ గోడల మధ్యకు చేరే అవకాశం తక్కువ. వలసకాలపు వైద్యుల్లో చాలామంది విషాదరోగం ఐరోపావారి సొత్తని, ఆసియా, ఆఫ్రికా ప్రజల్లో అది అరుదని నమ్మారు. ఆసుపత్రికి వచ్చినవారిని మాత్రమే చూసి ఊరి గురించి తీర్పు చెప్పడం వల్ల వచ్చిన పొరపాటు ఇది.

ఐరోపాలోనూ వృద్ధుల కుంగుబాటుకు న్యాయం జరగడానికి సమయం పట్టింది. ఎమిల్ క్రెపెలిన్ 19వ శతాబ్దం చివర దేహం క్షీణించే వయసులో వచ్చే విషాదాన్ని ప్రత్యేక వ్యాధిగా పేర్కొన్నాడు. 1980లో అమెరికన్ మనోవైద్య సంఘం తన వర్గీకరణ నుంచి ఆ విభాగాన్ని తొలగించింది. ఈ మధ్యకాలంలో 1955లో ఇంగ్లండులో మార్టిన్ రాత్ ప్రచురించిన పరిశోధన కీలకమైనది. ఆసుపత్రిలో చేరిన వృద్ధుల్లో కుంగుబాటు ఉన్నవారికీ, మతి క్షీణించినవారికీ ముందుముందు జరిగేది వేరువేరుగా ఉంటుందని ఆయన చూపాడు. మొదటివారిలో చాలామంది కోలుకుంటారు. ముసలితనపు మందకొడితనమంతా ఒకటి కాదని, అందులో నయమయ్యే భాగం ఉందని దీనివల్ల తేలింది. భారతదేశంలో మదురైకి చెందిన ఎ. వెంకోబారావు ఆసుపత్రి గడప దాటి, మదురై సమీపంలోని జనావాసంలో వృద్ధుల మానసిక స్థితిని సర్వే చేసి 1982లో ఫలితాలను ప్రకటించారు. దక్షిణాది వృద్ధుల్లోనూ కుంగుబాటు గణనీయంగా ఉందని అటువంటి సర్వేల వల్ల స్పష్టమైంది.

అదే కాలంలో అమెరికాలో జెరోమ్ యెసవేజ్ బృందం వృద్ధుల కోసం ముప్ఫై ప్రశ్నల కొలమానం తయారుచేసింది. 1986లో అది పదిహేను ప్రశ్నలకు కుదిరింది. ‘అవును’, ‘కాదు’ అని చెబితే చాలు. ఇందులో ఒక తెలివైన ఎంపిక ఉంది. నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, నొప్పులు వంటి శరీర లక్షణాలు ముసలితనంలో మామూలే కాబట్టి వాటిని కావాలనే పక్కనపెట్టి మనసు గురించే అడిగారు. కానీ ఉద్దానం వంటి చోట ఈ ఎంపికే సమస్య అవుతుంది. ఇక్కడి వృద్ధులు మనసు గురించి చెప్పేది శరీరం ద్వారానే. గుండె దడ, ఒళ్లు బరువు, నీరసం, తిండి సయించకపోవడం అన్నవే వారి మాటలు. బెంగళూరులో ఆర్. రఘురాం తదితరులు 1996లో ప్రచురించిన అధ్యయనం దీనికి కారణాన్ని కూడా సూచించింది. శరీరబాధ చెప్పుకోవడంలో అవమానం లేదు, మనోబాధ చెప్పుకోవడంలో ఉంది.

ప్రశ్నల అనువాదంలోనూ చిక్కులున్నాయి. బయటికి వెళ్లి కొత్త పనులు చేయడం కంటే ఇంట్లో ఉండడమే ఇష్టమా అన్న అర్థం వచ్చే ప్రశ్న ఆ పట్టికలో ఉంది. ఎనభై దాటిన వితంతువు ‘అవును’ అంటే దానిని కుంగుబాటు లక్షణంగా లెక్కించాలా, మర్యాదగా పెరిగిన పద్ధతిగా లెక్కించాలా? ఇతరుల స్థితి తనకంటే మెరుగని అనుకుంటున్నారా అన్నది మరో ప్రశ్న. పేదవృద్ధురాలు దానికి ‘అవును’ అంటే ఆమె చెప్పింది నిజం మాత్రమే. ఈ కొలమానం పనికిరాదని కాదు, ఎన్నో దేశాల్లో అది నిలబడింది. అయితే దానితో పాటు ‘ఎవరి మీదైనా బెంగగా ఉందా?’ అన్న ఒక్క ప్రశ్న అడిగితే, మిగిలిన పదిహేనింటికీ రాని జవాబు దానికి రావచ్చు.

6. పల్లె, పట్నం

పల్లెటూరి వృద్ధులు బంధువుల మధ్య సుఖంగా ఉంటారని, ఒంటరితనం నగరాల జబ్బని ఒక నమ్మకం ఉంది. సినిమాలు, కథలు దీనిని బలపరిచాయి. గణాంకాలు అంత సులభంగా ఒప్పుకోవు. 2017–18లో దేశవ్యాప్తంగా జరిపి 2021 జనవరిలో ప్రకటించిన భారతీయ వార్ధక్య దీర్ఘకాలిక అధ్యయనం 45 ఏళ్లు దాటిన 72 వేలకు పైగా వ్యక్తులను పరిశీలించింది. అరవై దాటినవారిలో తీవ్రమైన కుంగుబాటు లక్షణాలున్నవారు 8.3 శాతం. వైద్యులు తమకు ఆ వ్యాధి ఉందని చెప్పినట్లు తెలిపినవారు 0.8 శాతం మాత్రమే. అంటే పదిమందిలో తొమ్మిదిమందికి తమ బాధకు పేరు తెలియదు. లక్షణాలు నగరాల్లో కంటే గ్రామాల్లో, పురుషుల్లో కంటే స్త్రీలలో ఎక్కువగా కనిపించాయి. పేదరికం, వైధవ్యం, చేతకానితనం, వైద్యం దూరం కావడం కలిసి పల్లె అరుగు ఇచ్చే సాంత్వనను మించిపోయాయని దీని అర్థం.

సంపన్నదేశాల అనుభవం కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది. ఉత్తర స్వీడన్‌లో ఉమియో నగరంతో పాటు చుట్టుపక్కల గ్రామీణ ప్రాంతాల్లోనూ 85, 90, 95 ఏళ్లు దాటినవారిని 2000 నుంచి ఇళ్లకు వెళ్లి పరిశీలించారు. పింఛను, వైద్యం, గృహవసతి ఉన్న సమాజంలో కూడా అతివృద్ధుల్లో కుంగుబాటు విస్తారంగా కనిపించింది. డబ్బు అవసరమే గాని అది ఒక్కటే చాలదని తేలింది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో 85 ఏళ్లు నిండినవారిపై సాగిన అధ్యయనం 2005లో ఒక ఆసక్తికర విషయం వెల్లడించింది. కుంగుబాటు, ఒంటరితనం రెండూ కలిసినవారిలో మరణాలు ఎక్కువగా ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటీ విడిగా అంత ప్రభావం చూపలేదు. ‘బెంగ పెట్టుకొని పోయింది’ అని తెలుగు పల్లెలు ఎంతోకాలంగా చెబుతున్నది దాదాపు ఇదే. బెంగ అంటేనే దిగులూ, దూరమూ కలిసిన స్థితి.

నగరానికి తీసుకువెళ్లిన వృద్ధుల కథ వేరు. ఉద్దానం యువకుల్లో ఎందరో విశాఖపట్నం, హైదరాబాదు నగరాల్లో భవననిర్మాణంలోను, కాపలా పనుల్లోను, చదువుకున్నవారు ఉద్యోగాల్లోను స్థిరపడ్డారు. తల్లిదండ్రుల్లో ఒకరు పోగానే మిగిలినవారిని నగరానికి తీసుకువెళ్తారు. అక్కడ వైద్యం దగ్గర, మరుగుదొడ్డి ఇంట్లోనే. కానీ నాలుగో అంతస్తులోని గదిలో ఆ మనిషికి తెలిసిన పనేదీ ఉండదు. శ్రీకాకుళం యాసకు మనవలు నవ్వుతారు. ఊళ్లో ఉండిపోయినవారికి ‘వంతుల’ పద్ధతి ఎదురవుతుంది. నెలకొక కొడుకు ఇంట భోజనం. న్యాయమైన పంపకంలా కనిపించే ఈ ఏర్పాటులో వృద్ధురాలికి తనదంటూ ఒక మంచం వేసే చోటు ఉండదు. నగరంలో మనుషులు కరువైతే పల్లెలో చోటు కరువు. ఏది మెరుగన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. అయితే గ్రామంలో చిరకాలం బతికిన మనిషిని ఎనభై దాటాక నగరానికి మార్చడం మేలు చేస్తుందన్న ధీమా మాత్రం పునరాలోచించదగినది.

7. ఒకటో తేదీ

కేంద్రప్రభుత్వం 1995 ఆగస్టు 15న జాతీయ వృద్ధాప్య పింఛను పథకాన్ని నెలకు 75 రూపాయల సాయంతో ప్రారంభించింది. రాష్ట్రంలో ఈ మొత్తం 2014లో 1,000, 2019 జనవరిలో 2,000, అదే ఏడాది జూలైలో 2,250, 2024 జనవరిలో 3,000 రూపాయలకు చేరి, 2024 జూలై నుంచి 4,000 రూపాయలైంది. మత్స్యకారులకు యాభై ఏళ్లకే పింఛను అర్హత ఉంది. ఈ పెంపు వెనుక ఎన్నికల పోటీ ఉందన్నది అందరికీ తెలిసినదే. కారణం ఏదైనా, పింఛను వృద్ధుల స్థానాన్ని మార్చింది. వంతులకు తిరిగే తల్లి చేతిలో నెలకు నాలుగువేలు ఉంటే కోడలి మాటతీరు మారుతుంది. మనవడికి పది రూపాయలు ఇవ్వగల ముసలమ్మకు ఆ ఇంట్లో ఒక పాత్ర ఉంటుంది. కుంగుబాటుకు మందుగా ఎవరూ ఉద్దేశించకపోయినా, ఈ ప్రాంతంలో అతివృద్ధుల మనసు మీద అత్యధిక ప్రభావం చూపిన ప్రభుత్వచర్య బహుశా ఇదే.

2020 ఫిబ్రవరి నుంచి పింఛను ఇంటి గుమ్మం దగ్గరే ఇవ్వడం మొదలైంది. డబ్బుతో పాటు నెలకొకసారి ఒక మనిషి వచ్చి పేరుపెట్టి పిలవడం, వేలిముద్ర తీసుకోవడం జరిగింది. 2024 వేసవిలో ఎన్నికల నిబంధనల వల్ల కొద్దినెలలు ఆ పద్ధతి ఆగినప్పుడు వృద్ధులు ఎండలో సచివాలయాలకు, బ్యాంకులకు వెళ్లవలసివచ్చింది. జూలై నుంచి సచివాలయ ఉద్యోగులు ఇళ్లకు వెళ్లి ఇస్తున్నారు. వైద్యం మాత్రం గుమ్మం దాకా రాలేదు. ఇచ్ఛాపురం వాసులకు మనోవైద్యం కావాలంటే పాతికకిలోమీటర్ల దూరంలోని ఒడిశా నగరం బ్రహ్మపురం, లేదా రెండువందల కిలోమీటర్లకు పైగా దూరంలోని విశాఖపట్నం వంటి నగరాలకు వెళ్లవలసివస్తుంది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో దాని జిల్లా స్థాయి విస్తరణ, 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2022 అక్టోబరులో 14416 నంబరుతో టెలిమానస్ సేవ వచ్చాయి. ఫోను పట్టుకోలేని, వినలేని వయసువారికి వీటిలో చివరిది ఎవరో ఒకరి సహాయంతోనే అందుతుంది.

కిడ్నీ వ్యాధి పుణ్యమా అని ఉద్దానంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి రక్తపరీక్షలు చేసే అలవాటు ఏర్పడింది. ఆశా కార్యకర్తకు ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు ఎక్కడికి వలస పోయారో తెలుసు. రక్తం తీసిన తర్వాత ఇంటిమూల మంచం మీద ఉన్న మనిషితో రెండు నిమిషాలు మాట్లాడి, నిద్ర గురించి, తిండి గురించి, బెంగ గురించి అడిగి ఒక గడి నింపడానికి కొత్త శాఖ అక్కరలేదు. ప్రస్తుతం ఆమె పుస్తకంలో రక్తపోటుకు, చక్కెరకు, క్రియాటినిన్‌కు గడులున్నాయి.